ఎక్స్ ఇంటికి వై కోడలు

మా అత్తగారు పదో తరగతి లెక్కల పరీక్ష తప్పిన సంగతి మా ఊళ్ళో అందరికీ తెలుసు. తప్పించింది నేనన్న సంగతి మాత్రం మా గుమ్మం దాటలేదు. ఇవాళ దాటిస్తున్నాను. తీరిగ్గా కూర్చుని వినండి, నవ్వొస్తే నవ్వండి. కాకపోతే ఎప్పుడైనా చోడవరం బజార్లో కనిపిస్తే "లెక్కల కోడలు" అని మాత్రం పిలవకండి, మీకు పుణ్యముంటుంది. ఒకప్పుడు ఆ బిరుదు నాకు నేనే ఇచ్చుకున్నాను. ఇప్పుడది వింటే చీర చెంగు నెత్తి మీదుగా కప్పేసుకోవాలనిపిస్తుంది.

నేను వడ్డాది పిల్లని. బీయస్సీ మ్యాథ్స్ పూర్తిచేసి, చోడవరం పక్కనే ఉన్న ఈ పల్లెకి కోడలిగా వచ్చాను. మా ఆయన సత్తిబాబు చెరుకు వేస్తాడు, బెల్లం వండిస్తాడు, లెక్కల జోలికి మాత్రం రాడు. ఇక మా అత్తగారు పైడమ్మ. మా ఊరి అంగన్‌వాడీలో ఆయా. పిల్లలకి వండిపెట్టడం, గది ఊడవడం, ముక్కులు తుడవడం, ఏడ్చేవాళ్ళని చంకనెత్తుకోవడం ఆవిడ పని. పాటలూ అక్షరాలూ చెప్పడం టీచరమ్మ పని. టీచరమ్మ మీటింగుకి వెళ్ళిన రోజున ఆ పనీ మా అత్తగారే చేసేసేవారు. పిల్లలైతే ఎప్పుడో తేల్చేశారు, ఎవరు టీచరో.

ఆ టీచరమ్మ రిటైరవబోతోందని కబురు తెలిసింది. ఆయా టీచరు కావాలంటే పదో తరగతి ప్యాసవ్వాలి. మా అత్తగారి చదువు పెళ్ళితో తొమ్మిదిలోనే ఆగిపోయింది. ఒకరోజు పొద్దున్నే తలంటుకుని, ఎవరికీ చెప్పకుండా వెళ్ళి ఓపెన్ స్కూల్లో పేరు రాయించుకుని వచ్చేశారు.

"ఈ వయసులో నీకెందుకే అమ్మా?" అన్నాడు మా ఆయన.

"కుర్సీ మీద ఆశ కాదురా. కొత్తావిడెవరో వస్తాది. ఆవిడ ఈ పిల్లగుంటల పేర్లు నేర్సుకునేలోగా సగంమంది బెంగెట్టీసుకుంటారు. నానైతే ఎవులికి ఏ పాటకి ఏడుపాగుద్దో తెలిసినదాన్ని" అన్నారు.

అదీ సంగతి. మిగతా సబ్జెక్టులన్నీ కుదిరాయి. ఒక్కటి మాత్రం ఎంచుకోవలసి వచ్చింది: లెక్కలా, గృహవిజ్ఞానమా? మా అత్తగారు క్షణం ఆలోచించలేదు. "గృహవిజ్ఞానమే. ఉప్పు, పప్పు, పిల్లల జొరాలు. ఇంకేటి కావాల?" అన్నారు.

అక్కడ ఊరుకుని ఉంటే ఈ కథే లేదు. కానీ నేనప్పుడు కొత్త కోడల్ని. చేతిలో డిగ్రీ ఉంది, ఇంట్లో దాన్ని చూపించుకునే చోటు లేదు. వంటలో అత్తగారి ముందు నేను ఎల్‌కేజీ. పొలంలో అయితే బడి మెట్లు కూడా ఎక్కలేదు. ఇన్నాళ్ళకి ఒక అవకాశం కాళ్ళ దగ్గరికి వస్తే వదులుతానా?

"అత్తయ్యా! బీయస్సీ మ్యాథ్స్ కోడల్ని ఇంట్లో పెట్టుకుని గృహవిజ్ఞానం తీసుకుంటారా? నలుగురూ వింటే నవ్వరూ? లెక్కలే తీసుకోండి. నేనున్నాను కదా, నూటికి నూరు తెప్పిస్తాను."

"అమ్మనొగ్గీయే. ఇల్లు నడపడం మీద పరీచ్చెడితే మా అమ్మ నిద్రలో రాసీగలదు" అన్నాడు మా ఆయన.

"మీరూరుకోండి. మీకు ఎక్స్ అంటే ఏంటో తెలుసా?"

"ఎక్స్ అంటే తెలీదుగానీ, మా అమ్మంటే తెలుసు" అని చెరుకుతోటకి వెళ్ళిపోయాడు. తెలివైనవాడు. అప్పుడు నాకు అలా అనిపించలేదు.

అత్తగారు నా మొహం చూసి, "సర్లే, గుంట అంతలాగ అడుగుతంది" అని లెక్కలకే ఒప్పుకున్నారు. నూటికి నూరు సంగతి తర్వాత చూద్దాం. మధ్యలో మీకొక విషయం చెప్పాలి. ఇది చెప్పకపోతే ముందు జరగబోయేది అర్థం కాదు.

పెళ్ళయి ఏడాది దాటినా నేను ఇంటిపేరు మార్చుకోలేదు. వీళ్ళు కర్రివారు, మేము సూరిశెట్టివారం. నా ఆధార్ కార్డు మీద ఇంకా సూరిశెట్టి లావణ్యే. అత్తగారు ఒకసారి మెల్లిగా అడిగారు. "సర్టిఫికెట్లన్నీ ఆ పేరు మీదే ఉన్నాయత్తయ్యా. రేపు డీఎస్సీ రాస్తే పేర్లు తేడా వస్తాయి" అన్నాను. "ఔనౌను" అని ఊరుకున్నారు. కానీ పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి, "పైడమ్మొదినా, మీ కోడలింకా సూరిశెట్టోలి గుంటేనంట కదా?" అన్నరోజున, పైకి నవ్వేసినా ఆ పూట ఆవిడ అన్నం సరిగా తినలేదు. నేను చూశాను. చూసి కూడా ఏమీ అనలేదు.

సరే, పాఠాలు మొదలయ్యాయి. సాయంత్రాలు వాకిట్లో ఆవిడ కందులు చెరుగుతుంటే నేను పుస్తకం పట్టుకుని పక్కన కూర్చునేదాన్ని. శాతాలు, వడ్డీలు, వైశాల్యాలు ఇట్టే వచ్చేశాయి. రోజూ ఇంతమంది పిల్లలకి ఇంత పప్పు అని కొలిచే చెయ్యి కదా. ఆ తర్వాత ఘాతాంకాలు వచ్చాయి.

"ఈ ఎక్స్ బుజమ్మీద ఆ సిన్నంకె ఏటే? సంటిపిల్లనెత్తుకున్నట్టుంది" అన్నారు.

"అదే ఘాతాంకం అత్తయ్యా. కింద ఉన్నది భూమి."

"బూమా? పట్టా ఎవలి పేర్నుంది?"

అలా కాదనుకుని x³ ని x² తో గుణిస్తే x⁵ వస్తుందని సూత్రం చెప్పాను. "మూడూ రెండూ గుణిస్తే ఆరు కదే?" అన్నారు. మళ్ళీ చెప్పాను. మళ్ళీ ఆరన్నారు. నాలుగు సాయంత్రాలు ఆ వాకిట్లో అదే ఆరు. సూత్రం ఎందుకలా వస్తుందో విడమరిచి చూపిద్దామన్న బుద్ధి నాకు పుట్టనేలేదు. మహామహులకే వచ్చే ఉపాయం ఒకటి నాకు తట్టిందనుకున్నాను.

మా అత్తగారికి ఊళ్ళో ఇంకో పేరుంది. సంబంధాల పైడమ్మ. దేవరాపల్లి నుంచి చీడికాడ దాకా ఎవరింట్లో పెళ్ళికెదిగిన పిల్లలున్నా ఆవిడ నోట్లో ఉంటారు. కొత్త మనిషి ఎవరు కనిపించినా మొదటి ప్రశ్న "మీ ఇంటిపేరేటమ్మా?" ఇంకేం, ఆ దారినే పోదామనుకున్నాను.

"అత్తయ్యా, ఈ ఎక్స్ ఉంది చూశారూ, అది ఇంటిపేరు అనుకోండి. పైనున్న అంకె ఆ ఇంట్లో పిల్లలు. ఇంటిపేరు ఒకటే అయితే కలపొచ్చు. ముగ్గురూ ఇద్దరూ కలిస్తే ఐదుగురు. అంతే!"

ఆవిడ చాట కింద పెట్టేశారు. "ఓలమ్మో! ఒకే ఇంటిపేరోలని కలిపీడమేటే? అన్నాసెల్లెళ్ళయిపోరూ?"

"పెళ్ళి కాదత్తయ్యా! ఉమ్మడి కాపరం. ఒకే ఇంటివాళ్ళు కలిసుంటున్నారన్నమాట."

"అలా సెప్పు. ఉమ్మడయితే మరి ఐదుగురే."

చూశారా! ఆరు పోయింది, ఐదు వచ్చింది. ఇక నన్ను పట్టుకునేవాళ్ళు లేరు. భాగహారం వస్తే "వేరుపడ్డారత్తయ్యా" అన్నాను. వేరుపడ్డవాళ్ళని తీసేశారు. ఘాతం మీద ఘాతం వస్తే "ఇది మనవల లెక్క. ముగ్గురు కొడుకులకీ ఇద్దరేసి పిల్లలు" అన్నాను. "ఆరుగురు మనవలు" అని టక్కున చెప్పారు. x మీద సున్నా వస్తే ఒకటి అవుతుందన్నాను. అది మాత్రం ఆవిడ చాలాసేపు చూశారు.

"పిల్లల్లేపోయినా ఇల్లు సున్నా అవదన్నమాట. ఒకటి మిగుల్తాదన్నమాట" అన్నారు. "ఇది మంచి లెక్కే. మా సెల్లిని మాటలన్నోలందరికీ ఇది సూపించాల."

ఆవిడ చెల్లెలికి పిల్లల్లేరు. అత్తగారు చెంగుతో కళ్ళద్దుకుంటే నా కళ్ళూ తడిశాయి. ఆ రాత్రి మా ఆయనతో, "నేను పుట్టిందే లెక్కలు చెప్పడానికండీ" అని కూడా అన్నాను. మీరు నవ్వుకోండి, నేనేమీ అనుకోను.

ఆఖర్న వై వచ్చింది.

"ఇది వేరే ఇంటిపేరత్తయ్యా. x³ పక్కన y² ఉంటే కలవదు. అలా వదిలెయ్యడమే."

"కలవదేటి?"

"కలవదు."

"ఎప్పుటికీనా?"

"ఎప్పటికీ కలవదత్తయ్యా. ఎంత గుణించినా అంతే. దాని ఇంటిపేరు దానిదే."

ఇంతలేసి కళ్ళున్నాయి నాకు, చదివించిన కళ్ళు. ఎదురుగా ఆవిడ మొహం వాడిపోవడం వాటికి కనిపించలేదు. "సర్లే" అని కందులు చెరుక్కున్నారు. నేను పేజీ తిప్పేశాను.

పరీక్ష రోజు మా ఆయన బండి మీద వాళ్ళమ్మని చోడవరం హైస్కూలుకి తీసుకొచ్చాడు. నేను ఆటోలో వెనకే వచ్చాను. అత్తగారు గంజిపెట్టిన నేతచీర కట్టుకుని, రెండు పెన్నులు పట్టుకుని, గేటు దగ్గర వెనక్కి తిరిగి నావైపు చూశారు. అంగన్‌వాడీలో మొదటిరోజు వదిలేసి వెళ్ళే అమ్మని పిల్లలు అలాగే చూస్తారు. నేను చెయ్యి ఊపాను.

పరీక్ష అయ్యాక అందరికన్నా ముందు ఆవిడే బయటికొచ్చారు. మొహం మతాబాలా వెలిగిపోతోంది.

"వచ్చీసిందే! నీ ఇంటిపేర్ల లెక్కలే వచ్చీసేయి! అన్నీ సేసీసేను!"

"నిజంగానా అత్తయ్యా! x³ లు, x² లు?"

"ఆ. ఐదు రాసేను."

"మరి y వచ్చిందా?"

"ఎందుకు రాదు? ఎక్స్ క్యూబ్ పక్కన వై స్క్వేరు పాపం బిక్కుబిక్కుమని నిలబడుంది. ఎక్స్ పవర్ ఐదని రాసీసేను."

నా గుండె అంగన్‌వాడీ గిన్నెలా ఖణేల్‌మంది. "అదేంటత్తయ్యా! కలవదని చెప్పాను కదా?"

"సెప్పేవు. నాకే మనసొప్పలేదు. ఆలోసించేను. పెళ్ళయి వచ్చిన కోడలికి ఇంటిపేరు మారదేటి? ఎక్స్ గుమ్మంలోకొచ్చిన వై, ఎక్స్ అవదేటి? ఏరే ఇంటి పిల్లని ఏరేగానే ఉండిపొమ్మని ఎలా రాస్తానే నా సేత్తో?"

"ఒక్క లెక్కలోనే కదా అలా రాశారు?"

"ఒక్కదానికి సేసి ఇంకోదాన్నొగ్గీడమేటి? అన్నేయం కాదూ? ఆ పేపర్లో ఎంతమంది వైలుంటే అంతమందినీ ఇంటి కోడళ్ళని సేసీసేను. బాగహారంలో కిందనున్న వైని కూడాను. ఏరుపడిపోయినా కోడలు కోడలే కదా."

మా ఆయన బండి స్టాండు వేస్తూ, "నూటికి నూరేనా?" అన్నాడు. ఏ మూలనో ఒక మాస్టారు ఎర్రపెన్ను పట్టుకుని, ఊరు ఊరంతా పెళ్ళిళ్ళయిపోయిన ఆ పేపర్ని చూస్తూ తల పట్టుకోవడం నా కళ్ళకి కట్టింది.

ఆవిడ సంబరం చూసి, తప్పని చెప్పడానికి నోరు రాలేదు. ఫలితాలొచ్చేదాకా ఆ రాయి నా గుండెల మీదే ఉంది. ఫలితాలు మా ఆయన ఫోన్లో వచ్చాయి. తెలుగు ప్యాసు, సాంఘికం ప్యాసు, అన్నీ ప్యాసు. లెక్కలు ఫెయిలు. కొంచెంలో పోయింది. వైలని వైలుగా వదిలేసి ఉంటే గట్టెక్కేసేవారు.

"పోన్లే" అన్నారు అత్తగారు. "గుడ్లు ఉడకెట్టాల, టయమైపోయింది" అని అంగన్‌వాడీ సెంటరుకి వెళ్ళిపోయారు.

నేను ఉండబట్టలేక వెనకాలే వెళ్ళాను. పిల్లలు నిద్రపోతున్నారు. ఆవిడ ఒక మూల కూర్చుని గుడ్ల పెంకులు తీస్తున్నారు. గోడమీద వేలాడే అక్షరాల పటాన్ని కన్నార్పకుండా చూస్తున్నారు. నన్ను చూసి గబుక్కున తల దించుకున్నారు.

"అత్తయ్యా, తప్పు మీది కాదు. నాది. గృహవిజ్ఞానం తీసుకుంటానన్న మిమ్మల్ని లెక్కల్లోకి లాగింది నేను. చుట్టరికాలు కలిపి పాఠం చెప్పింది నేను. నా గొప్ప కోసం మీ ఉద్యోగం పోగొట్టేశాను" అని ఏడ్చేశాను.

"ఊరుకోవే, గుంటలు లెగిసిపోతారు." తడిచేతులు చీరకి తుడుచుకుని నా తల నిమిరారు. "నువ్వు కలవదు అన్నప్పుడు నా పేనం సివుక్కుమందే. నీ గురించే అంటన్నావనుకున్నాను. మా ఇంటిపేరు నీకిట్టం లేదేమోననుకున్నాను. అందుకే ఆ పేపర్లో పంతం పట్టీసేను."

ఇక దాచడం నా వల్ల కాలేదు. "సర్టిఫికెట్ల మాట సగమే నిజమత్తయ్యా. మా నాన్నకి నేనొక్కదాన్నే. నాకు పలక మీద మొదట దిద్దించింది మా ఇంటిపేరే. నాన్న పోయాక అది తీసేద్దామంటే ఆయన చెయ్యి వదిలేసినట్టు అనిపించింది. మీరంటే ఇష్టం లేక కాదు. మీరంటే నాకు చాలా ఇష్టం."

ఒలిచిన గుడ్డు ఒకటి నా చేతిలో పెట్టారు. "తిను" అన్నారు. పిల్లల గుడ్డు తినొచ్చా అంటారేమో, అది ఆవిడ ఇంటినుంచి తెచ్చుకున్నదే. తిన్నాను.

టీచరమ్మ రిటైరయ్యేలోగా ఇంకొక్క పరీక్ష ఉంది. మళ్ళీ మొదలెట్టాం. ఈసారి చుట్టాలు లేరు, కాపరాలు లేవు. పలక తెచ్చుకుని, x³y² ని పొడుగ్గా విడదీసి, x x x y y అని రాయించాను. "ఏవి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి, అంతే" అన్నాను.

"ఎక్స్‌లు మూడు, వైలు రెండు. ఇంతేనేటి?"

"ఇంతే."

"మరీ మాత్రం దానికి మా అందరిళ్ళల్లోకీ దూరీసేవెందుకే?"

దీనికి జవాబు బీయస్సీలో చెప్పలేదు.

రెండోసారి పరీక్ష నుంచి ఆవిడ మెల్లిగా నడుచుకుంటూ వచ్చారు. మతాబా లేదు. నేనే ఎదురెళ్ళాను.

"వై వచ్చిందా అత్తయ్యా?"

"వచ్చింది. అదే ఎక్స్ క్యూబ్, అదే వై స్క్వేరు."

"ఏం రాశారు?"

"వైని వైలాగే ఉంచీసేను" అన్నారు. "దాని ఇంటిపేరు దానికే ఉంచి, ఎక్స్ పక్కనే నిలబెట్టేను. ఒకటి సూసేవా? రొండిటికీ మద్దిన ఆ గుణకారం గుర్తు కూడా ఎట్టక్కర్లేదు. పేర్లు ఏరైనా, మద్దిన సుక్క కూడా పట్టనంత దగ్గిర." నా భుజం మీద చెయ్యి వేశారు. "నీ కార్డు మీద మీ నాన్న పేరు అలాగే ఉండనీయే. ఇంక ఎవలేటన్నా నాను సెప్పుకుంటాను."

చోడవరం రోడ్డు మీద, ఆటోలూ బస్సులూ హారన్లు కొడుతుండగా, నేను మా అత్తగారిని పట్టుకుని భోరున ఏడ్చేశాను. అటు పోతున్న ఒకావిడ, "అయ్యో, పరీక్ష పోయిందేటమ్మా?" అని నన్నే ఓదార్చింది.

పోలేదు. ప్యాసయ్యారు. నూటికి నూరు కాదు, గట్టెక్కడానికి సరిపోయేటన్ని. ఇప్పుడు మా ఊరి అంగన్‌వాడీలో ఆవిడే టీచరు. పేర్లు నేర్చుకోనక్కర్లేకపోయింది, ఎవరూ బెంగా పెట్టుకోలేదు. పక్కింటావిడ మళ్ళీ గోడ మీంచి తొంగిచూసి సూరిశెట్టివారి ఊసెత్తితే, "మా వై సంగతి నీకెందుకొదినా, నీకు లెక్కలొచ్చేటి?" అని తలుపేసేశారు.

కాబట్టి ఇందుమూలంగా, అత్తగారి పలక మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట బీజగణితంలోకి ఏ చుట్టాన్నీ పిలవను. ఎక్స్‌ని ఎక్స్‌గా, వైని వైగా చూస్తాను. వాళ్ళ పెళ్ళిళ్ళు, ఉమ్మడి కాపరాలు, వేరు కుంపట్లు నాకు అనవసరం. గృహవిజ్ఞానం తీసుకుంటానన్న మనిషికి ఈ జన్మలో అడ్డురాను.

ఇంతవరకూ రాసి అత్తగారికి చదివి వినిపించాను. ఆవిడ శ్రద్ధగా విన్నారు. అంతా అయ్యాక కళ్ళజోడు సర్దుకుని, ఎదురుగా ఉన్న మా పాత లెక్కల పుస్తకంలోకి ఒంగి చూసి అడిగారు:

"అంతా బాగుంది గానీ, ఇక్కడ జెడ్ అని ఒకర్తె ఒంటరిగా ఉండిపోయిందే పాపం. దానికి ఏదైనా సంబందం సూద్దామేటి?"